ఏటీఎల్ రిపోర్టు చేతికొచ్చాక: ముందు రకం తేల్చుకోండి, తర్వాతే నెలల లెక్క

అడల్ట్ టీ-సెల్ లుకేమియా-లింఫోమా (టీ-కణాలనే ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్), పొట్టిగా ఏటీఎల్, అన్న మాట రిపోర్టులో కనిపించగానే ఇంట్లోవాళ్ళు ఫోన్లో వెతికేది ఒక్కటే: ఎన్నాళ్ళు? దొరికే అంకెలు నాలుగైదు నెలల నుంచి 15 ఏళ్ళ దాకా ఉంటాయి. అన్నీ నిజమే, కాకపోతే ఒక్కో అంకె ఒక్కో రకం రోగులది. మీ మనిషిది ఏ రకమో తేలకముందే ఏదో ఒక అంకె చదివి గుండెలు బాదుకోవడం, పరాయివాళ్ళ జాతకం చదువుకుని ఏడవడం లాంటిది. ఊరట పడటమూ అంతే.

రకం తేల్చడానికి కావలసినవి చాలావరకు మామూలు పరీక్షలే. తప్పులు జరిగేది వాటిని కలిపి చదివేటప్పుడు. ఆ చదవడం ఎలాగో రోగి ఇంట్లోవాళ్ళకూ, ఈ జబ్బును ఎప్పుడో గాని చూడని యువ డాక్టర్లకూ ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాం. ఇది మీ హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) చెప్పే మాటకు బదులు కాదు. ఆయన్ను సరైన ప్రశ్న అడగడానికి.

ముందు, జబ్బు అదేనా?

ఏటీఎల్‌కు కారణం హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్. జబ్బును 1977లో క్యోటోలో టకత్సుకి, ఉచియామా బృందం మొదటిసారి విడిగా గుర్తించింది. అప్పటి రోగుల్లో ఎక్కువమంది జపాన్ నైరుతి కొసన ఉన్న క్యూషూ దీవివాళ్ళు. 1980లో అమెరికాలో గాలో ప్రయోగశాల వైరస్‌ను వేరుచేసింది. మరుసటి ఏడాది జపాన్‌లో హినుమా బృందం దానికీ జబ్బుకూ ఉన్న ముడిని చూపించింది. ఈ వైరస్ క్యూషూ, ఒకినావా, కరీబియన్ దీవులు, బ్రెజిల్‌లోని బహియా, పశ్చిమ, మధ్య ఆఫ్రికా, ఇరాన్‌లోని మష్హద్, మధ్య ఆస్ట్రేలియా ప్రాంతాల్లో ఎక్కువ. మన దేశంలో తక్కువే, అయినా దక్షిణాది నుంచి కేసులు వెలువడ్డాయి. తక్కువ కాబట్టే ఎవరికీ తట్టదు, తట్టదు కాబట్టి మైకోసిస్ ఫంగాయిడిస్ అనో, పెరిఫెరల్ టీ-సెల్ లింఫోమా అనో వేరే టీ-కణాల క్యాన్సర్ల పేరు పెట్టి చికిత్స మొదలుపెట్టేస్తారు. పెద్దవాళ్ళలో సీడీ4 ఉన్న ముదురు టీ-కణాల క్యాన్సర్ ఏది కనిపించినా హెచ్‌టీఎల్‌వీ-1 యాంటీబాడీ పరీక్ష ఒకసారి చేయించమని అడగండి. ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది సీడీ గుర్తులను చూసే పరీక్షలో) సీడీ25 బలంగా ఉండి, సీడీ7, సీడీ26 లేకుండా, సీడీ3 మసకగా కనిపిస్తే మరీ గట్టిగా అడగండి.

తొలి యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే వెస్టర్న్ బ్లాట్ లేదా పీసీఆర్‌తో ఖాయం చేసుకోవాలి. అయితే వైరస్ ఉండటం వేరు, క్యాన్సర్ ఉండటం వేరు. వైరస్ మోసేవాళ్ళలో జీవితకాలం మొత్తమ్మీద ఏటీఎల్ వచ్చేది నూటికి 3 నుంచి 5 మందికి. జపాన్ లెక్కల్లో మగవాళ్ళకు 6-7, ఆడవాళ్ళకు 2-3. మిగతావాళ్ళు వైరస్‌తోనే బతికి వేరే కారణాలతో పోతారు. అందుకే వైరస్ ఉన్న మనిషికి లింఫోమా వచ్చినంత మాత్రాన అది ఏటీఎల్ అయిపోదు. క్యాన్సర్ కణాలన్నిటిలో వైరస్ జన్యువు ఒకే చోట అతుక్కుని ఉందని సదర్న్ బ్లాట్ అనే డీఎన్ఏ పరీక్ష చూపిస్తే అది తిరుగులేని రుజువు. ఆ పరీక్ష చాలాచోట్ల దొరకదు. టీసీఆర్ క్లోనాలిటీ (టీ-కణాల జన్యు పరీక్ష)తో సరిపెట్టుకునేటప్పుడు, కణాలు ఒకే తల్లికణం సంతానమని మాత్రమే అది చెబుతుందని, వైరస్ ఆ కణాల్లోనే ఉందని చెప్పదని గుర్తుంచుకోవాలి.

కాగితం మీద రాసుకోవలసినవి

నాలుగు రకాలను 1991లో షిమొయామా వర్గీకరణ నిర్ణయించింది. జపాన్‌లోని 818 మంది రోగుల వివరాలే దానికి ఆధారం. ఈనాటికీ చికిత్సలన్నీ దాని మీదే నడుస్తాయి. దాన్ని వాడాలంటే ఒకే వారంలో తీసిన ఈ వివరాలు ఒక కాగితం మీదికి చేరాలి: మొత్తం తెల్లకణాలు, లింఫోసైట్ల శాతం, అసాధారణ కణాల శాతం, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), కాల్షియం, ఆల్బుమిన్, యూరియా, మెడ నుంచి తొడల మొదలు దాకా సీటీ లేదా పెట్ స్కాన్, చర్మం మీద మచ్చలుంటే వాటి ముక్క పరీక్ష, గడ్డలుంటే గడ్డ ముక్క పరీక్ష. ప్రతి అంకె పక్కన ఆ ల్యాబ్ నార్మల్ హద్దు కూడా రాయండి. ఎల్‌డీహెచ్ హద్దు ఒక ల్యాబ్‌లో 220 ఉంటే ఇంకోచోట 480 ఉంటుంది. కొలిచే పద్ధతి వేరు కాబట్టి, ఉత్త అంకెకు అర్థం లేదు; హద్దుకు ఎన్ని రెట్లన్నదే లెక్క.

అసాధారణ కణాలను యంత్రానికి వదలకూడదు. అనుభవమున్నవాళ్ళు స్లైడు మీద కంటితో లెక్కపెట్టాలి. ఏటీఎల్ కణం కేంద్రకం పూరేకుల్లా చీలి ఉంటుంది, అందుకే వాటిని ఫ్లవర్ కణాలంటారు. ఇక్కడ ఒక మోసముంది: ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టంలో) రక్తం గంటల తరబడి నిలవుంటే మామూలు లింఫోసైట్ల కేంద్రకాలు కూడా చీలినట్టు కనిపిస్తాయి. కలెక్షన్ సెంటర్‌లో పొద్దున తీసిన రక్తం సాయంత్రం పెద్ద ల్యాబ్‌కు చేరితే ఆ స్లైడును నమ్మలేం. రక్తం తీసిన వెంటనే స్లైడు వేయించండి.

గడ్డ విషయంలో సూదితో పీల్చే పరీక్షతో సరిపెట్టొద్దు, గడ్డను మొత్తంగా తీసి చూడాలి. ముక్క తీయకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే గడ్డలు కరిగిపోయి, రిపోర్టు ఎటూ తేలకుండా వస్తుంది. మనిషి ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ తొందర వద్దు.

నాలుగు రకాలు

స్మోల్డరింగ్ అంటే నివురుగప్పినది. లింఫోసైట్లు మైక్రోలీటరుకు 4,000 లోపు, అసాధారణ కణాలు 5 శాతం లేదా అంతకు మించి, ఎల్‌డీహెచ్ హద్దుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు, కాల్షియం నార్మల్. గడ్డలు ఉండకూడదు, కాలేయం, ప్లీహం, మెదడు, ఎముక, పేగులకు జబ్బు పాకి ఉండకూడదు, పొట్టలో గాని ఊపిరితిత్తుల చుట్టూ గాని నీరు చేరి ఉండకూడదు. చర్మం, ఊపిరితిత్తి మాత్రం మినహాయింపు. అసాధారణ కణాలు 5 శాతం లోపే ఉంటే, చర్మంలోనో ఊపిరితిత్తిలోనో జబ్బుందని ముక్క పరీక్షలో రుజువు కావాలి.

క్రానిక్ రకంలో లింఫోసైట్లు 4,000 లేదా ఆపైన, వాటిలో టీ-కణాలు 3,500కు మించి, ఎల్‌డీహెచ్ రెండు రెట్ల లోపు, కాల్షియం నార్మల్. గడ్డలు, కాలేయం, ప్లీహం, చర్మం, ఊపిరితిత్తుల్లో జబ్బు ఉండొచ్చు. మెదడు, ఎముక, పేగు, నీరు చేరడం ఉండకూడదు. ఈ రకాన్ని మళ్ళీ రెండుగా చీల్చాలి. ఎల్‌డీహెచ్ గాని బీయూఎన్ (రక్తంలో యూరియాలోని నైట్రోజన్) గాని హద్దు దాటినా, ఆల్బుమిన్ హద్దుకు దిగువన ఉన్నా, మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అననుకూల క్రానిక్. దానికి అక్యూట్‌తో సమానంగా చికిత్స చేయాలి. చాలా రిపోర్టుల్లో ఈ చీలిక రాయరు, అడిగి రాయించుకోండి. మన ల్యాబులు ఎక్కువగా ఇచ్చేది యూరియా, బీయూఎన్ కాదు, యూరియాను 2.14తో భాగిస్తే బీయూఎన్ వస్తుంది.

లింఫోమా రకంలో రక్తం దాదాపు శుభ్రంగా ఉంటుంది: లింఫోసైట్లు పెరగవు, అసాధారణ కణాలు 1 శాతానికి మించవు, గడ్డలో జబ్బు రుజువై ఉంటుంది. అసాధారణ కణాలు ఆ ఒక్క శాతం దాటితే ఎంత పెద్ద గడ్డలున్నా ఇందులోకి రాదు.

పై మూడింటిలోనూ ఇమడనిది అక్యూట్. 1991 నాటి రోగుల్లో సగానికి మించి ఈ రకమే. 2019లో సవరించిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయంలో, రక్తంలో లేకుండా చర్మంలో గడ్డలుగా మొదలయ్యే ఏటీఎల్‌ను లింఫోమా రకం కింద ప్రత్యేకంగా గుర్తించారు. చర్మం మీద పలచని మచ్చలకూ, కణుతులకూ తేడా చాలా ఉంది: కణుతులున్నా, ఒళ్ళంతా ఎర్రబారి పొలుసులు రాలుతున్నా బతుకు అంచనా బాగుండదు. అలాంటి మనిషి రిపోర్టులో స్మోల్డరింగ్ అని ఉంటే నిశ్చింతగా కూర్చోకండి.

ఒక లెక్క చేసి చూద్దాం

కల్పించిన ఒక రిపోర్టు తీసుకుందాం. తెల్లకణాలు 14,000. లింఫోసైట్లు 24 శాతం, పక్కనే వేరే వరసలో అసాధారణ కణాలు 12 శాతం. ఎల్‌డీహెచ్ 330, హద్దు 240. యూరియా 36. కాల్షియం డెసిలీటరుకు 10.1 మి.గ్రా., హద్దు 10.5. ఆల్బుమిన్ 2.6 గ్రాములు, కింది హద్దు 3.5. స్కాన్‌లో ఏమీ లేదు.

తొందరలో చూస్తే 14,000లో 24 శాతం అంటే 3,360, అది 4,000 లోపు. ఎల్‌డీహెచ్ 1.4 రెట్లకు లోపే. కాల్షియం నార్మల్. ‘స్మోల్డరింగ్, గమనిస్తూ ఉందాం’ అని రాసేస్తారు.

మొదటి తప్పు లింఫోసైట్ల దగ్గరే ఉంది. ఈ వర్గీకరణలో లింఫోసైట్లంటే మామూలువీ అసాధారణమైనవీ కలిపి. 24కు 12 కలిపితే 36 శాతం, అంటే 5,040. ఇది స్మోల్డరింగ్ కాదు, క్రానిక్ వైపు పోతోంది. ఎల్‌డీహెచ్ రెండు రెట్లలోపే అయినా హద్దు దాటింది, ఆల్బుమిన్ తక్కువుంది, కనుక అననుకూల క్రానిక్. బీయూఎన్ సుమారు 17, దానితో పేచీ లేదు. ఇప్పుడు కాల్షియం. రక్తంలో కాల్షియం సగానికి దగ్గరగా ప్రోటీన్లకు, ముఖ్యంగా ఆల్బుమిన్‌కు అంటుకుని తిరుగుతుంది. ఆల్బుమిన్ పడిపోతే మొత్తం కాల్షియం అంకె తప్పుగా తక్కువ కనిపిస్తుంది. అందుకని 4 లోంచి ఆల్బుమిన్ తీసేసి, 0.8తో గుణించి, కాల్షియంకు కలపాలి. 4 లోంచి 2.6 పోతే 1.4, 0.8తో గుణిస్తే 1.12, కలిపితే 11.2. హద్దు దాటింది. కాల్షియం దాటితే అది క్రానిక్ కూడా కాదు, అక్యూట్. ఆల్బుమిన్ ఇంత తక్కువున్నప్పుడు అయనైజ్డ్ కాల్షియం (ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న కాల్షియం) నేరుగా కొలిపించి ఖాయం చేసుకోవడం ఇంకా మంచిది.

రక్తం ఒకటే, మనిషీ ఒకరే. ‘చూద్దాం’ అన్న చోటు నుంచి ‘ఈ వారమే చేర్చండి’ అన్న చోటుకు వచ్చింది. మేం ఇంతసేపు కాగితం, అంకె అని పట్టుబట్టింది ఇందుకే.

ఇప్పుడు బతుకు అంకెలు

1991 లెక్కల్లో మధ్యస్థ బతుకుకాలం అక్యూట్‌కు 6.2 నెలలు, లింఫోమాకు 10.2, క్రానిక్‌కు 24.3 నెలలు, స్మోల్డరింగ్‌లో సగం మంది ఇంకా పోలేదు కాబట్టి అంకె రాలేదు. 2000-2009 మధ్య జబ్బు తేలిన 1,594 మందిని జపాన్‌లోనే మళ్ళీ లెక్కించి 2015లో ప్రకటించారు: అక్యూట్ 8.3 నెలలు, లింఫోమా 10.6, క్రానిక్ 31.5, స్మోల్డరింగ్ 55 నెలలు. నాలుగేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు వరసగా నూటికి 11, 16, 36, 52.

మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ముందే పోయారు, సగం మంది అంతకు మించి బతికారు అని. గడువు కాదు. అక్యూట్‌లో 8.3 నెలలున్నా నాలుగేళ్ళు దాటిన 11 మంది ఉన్నారు. వాళ్ళెవరన్నది వయసు, ఒంటి సత్తువ, మందుకు జబ్బు లొంగడం, మూలకణ మార్పిడి దాకా చేరగలగడం మీద ఆధారపడింది. జపాన్ రోగుల వయసు ఎక్కువగా అరవైల చివర ఉంటుంది, కరీబియన్, దక్షిణ అమెరికాల్లో అంతకంటే చిన్న వయసులోనే వస్తుంది. ఒక దేశం అంకెను ఇంకో దేశపు మనిషికి అతికించేటప్పుడు ఇది తలుచుకోండి.

స్మోల్డరింగ్ అంకె కొత్త లెక్కలో తగ్గినట్టు కనిపించడం చూసి జబ్బు ముదిరిందనుకోవద్దు. ఎక్కువ కాలం వెంబడించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. నాగసాకిలో నెమ్మది రకాలున్న 90 మందిని గమనించిన అధ్యయనంలో 5 ఏళ్ళకు 47.2 శాతం, 10 ఏళ్ళకు 25.4, 15 ఏళ్ళకు 14.1 శాతం మంది మిగిలారు. గీత ఎక్కడా నిలకడగా ఆగలేదు. నివురు కింద నిప్పు ఉంటుంది, అది ఎప్పుడైనా అక్యూట్‌గా రాజుకోవచ్చు.

ఇంకాస్త సన్నగా తెలుసుకోవాలంటే సీరం సొల్యుబుల్ ఐఎల్-2 రిసెప్టర్ (టీ-కణాల నుంచి రక్తంలోకి రాలే ఒక ప్రోటీన్) పరీక్ష ఉపయోగపడుతుంది. స్మోల్డరింగ్, క్రానిక్ రకాల్లో అది మిల్లీలీటరుకు 1,000 యూనిట్ల లోపుంటే నాలుగేళ్ళకు బతికినవాళ్ళు 77.6 శాతం, 1,000 నుంచి 6,000 మధ్య 55.6, 6,000 దాటితే 26.2. అక్యూట్, లింఫోమాలకు వేరే సూచిక ఉంది: వయసు, ఒంటి సత్తువ, జబ్బు దశ, ఆల్బుమిన్, ఇదే ఐఎల్-2 రిసెప్టర్ కలిపి మూడు గుంపులు చేస్తే మధ్యస్థం 16.2, 7, 4.6 నెలలుగా వచ్చింది.

రకాన్ని బట్టి దారి

స్మోల్డరింగ్‌లోనూ అనుకూల క్రానిక్‌లోనూ జపాన్‌లో సాధారణంగా మందివ్వకుండా గమనిస్తారు. మిగతా చాలాచోట్ల వైరస్ మీద పనిచేసే జిడోవుడిన్, ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా మందులు కలిపి ఇస్తారు. 2010లో 254 మంది రోగుల వివరాలు కలిపి చూసినప్పుడు ఈ రెండు రకాల్లో మొదటి చికిత్సగా ఇది అందినవాళ్ళు అందరూ 5 ఏళ్ళు దాటారు. అక్యూట్‌లో 28 శాతం, కీమో మాత్రమే తీసుకున్నవాళ్ళలో 10 శాతం. ఇది వెనక్కి తిరిగి చూసిన లెక్క, చీటీ వేసి పంచిన ప్రయోగం కాదు, కాబట్టి ఆ వందను వందగా నమ్మొద్దు. లింఫోమా రకంలో మాత్రం దీన్ని ఒంటరిగా వాడొద్దు, అక్కడ కీమోయే ముందు.

గట్టి కీమో పద్ధతుల్లో వీక్యాప్-ఏఎంపీ-వీఈసీపీ అనే పలు మందుల కలయికను రెండు వారాలకోసారి ఇచ్చే చాప్ అనే మరో కలయికతో 118 మందిలో పోల్చారు: మూడేళ్ళకు బతికున్నవాళ్ళు వరసగా 24 శాతం, 13 శాతం. మెదడుకు పాకే గుణం ఎక్కువ కాబట్టి వెన్నులోకి మందు ఇవ్వడం ఇందులో భాగం. దీర్ఘకాలం నిలబెట్టగలిగేది దాత మూలకణ మార్పిడి. జపాన్‌లో 386 మందిలో మూడేళ్ళకు 33 శాతం మంది ఉన్నారు. అక్యూట్, లింఫోమా, అననుకూల క్రానిక్ అని తేలిన రోజే దాత వెతుకులాట మొదలుపెట్టాలి. జబ్బు లొంగాక మొదలుపెడితే అది మళ్ళీ తిరగబడే లోపు సమయం చాలదు.

తిరగబెట్టినప్పటి మందుల్లో మొగాములిజుమాబ్‌కు 2012లో, లెనాలిడొమైడ్‌కు 2017లో, వాలెమెటోస్టాట్‌కు 2022లో జపాన్ అనుమతి వచ్చింది. మొగాములిజుమాబ్ తీసుకుని వెంటనే మార్పిడికి వెళ్తే దాత కణాలు ఒంటి మీద తీవ్రంగా తిరగబడే ముప్పు ఎక్కువ. మధ్యలో కనీసం 50 రోజులు ఉండేలా చూస్తారు. నివోలుమాబ్ లాంటి పీడీ-1 మందులు (క్యాన్సర్ మీదికి ఒంటి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పేవి) ‘కొత్తవి, సైడ్ ఎఫెక్టులు తక్కువ’ అని ఎవరైనా చెబితే ఆగండి: ఏటీఎల్ ఉన్న ముగ్గురిలో ఒక్క డోసుకే జబ్బు విపరీతంగా పెరిగిందని 2018లో వెల్లడైంది.

జబ్బు కంటే ముందు చంపేవి

ఈ రోగుల్లో చాలామందిని తీసుకుపోయేది ఇన్ఫెక్షన్లు, కాల్షియం. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, గట్టి మలబద్ధకం, మగత, పొంతన లేని మాటలు కనిపిస్తే వయసు మీద పడిందనుకోకండి, ఆ రోజే కాల్షియం చూపించండి. ఏటీఎల్ కణాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొట్టడం వల్ల అది రక్తంలోకి పొంగుతుంది. సెలైన్, జోలెడ్రోనిక్ యాసిడ్, కాల్సిటోనిన్‌లతో దించొచ్చు, కానీ కిడ్నీలు దెబ్బతినక ముందే.

చెప్పుల్లేకుండా పొలంలో దిగినవాళ్ళున్న మన ఊళ్ళకు ఇన్ఫెక్షన్ల సంగతి ముఖ్యం. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు మట్టిలోంచి పాదాల గుండా ఒంట్లోకి చేరి, పేగుల్లో ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది. హెచ్‌టీఎల్‌వీ-1 దాన్ని అదుపు చేసే శక్తిని తగ్గిస్తుంది. పైన స్టెరాయిడ్ పడితే పురుగులు ఒళ్ళంతా పాకి, వాటితో పాటు పేగుల్లోని క్రిములు రక్తంలోకి చేరి మనిషి పోతాడు. ఒకసారి మలపరీక్షలో దొరక్కపోతే లేనట్టు కాదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూపించండి, యాంటీబాడీ పరీక్ష దొరికితే అదీ. కీమోకు, స్టెరాయిడ్‌కు ముందు ఐవర్‌మెక్టిన్ కిలోకు 200 మైక్రోగ్రాముల లెక్కన, అంటే 60 కిలోల మనిషికి 12 మి.గ్రా., డాక్టరు చెప్పినన్ని రోజులు. దానితో పాటు న్యూమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్, టీబీ పరీక్ష, హెపటైటిస్-బీ పరీక్ష. హెపటైటిస్-బీలో ఉపరితల యాంటిజెన్ ఒక్కటే చాలదు, కోర్ యాంటీబాడీ కూడా చూడాలి.

గమనించే దశలో ఉన్నవాళ్ళకు ఒకటి నుంచి మూడు నెలలకోసారి అవే అంకెలు, అదే కాగితం మీద, పాత వరస కింద కొత్త వరసగా రాయండి. వీలైనంత వరకు అదే ల్యాబ్‌లో. మెడలోనో గజ్జల్లోనో బిళ్ళలు కట్టడం, మచ్చ కణితిగా మారడం, తగ్గని జ్వరం, దాహం, ఎల్‌డీహెచ్ వరస వెంట వరస పెరగడం కనిపిస్తే తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్ళి, రకాన్ని మొదటి నుంచీ మళ్ళీ తేల్చమని అడగండి.

ఇంట్లోవాళ్ళ సంగతి

వైరస్ ముఖ్యంగా తల్లిపాల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, రక్తం, సూదుల ద్వారా పాకుతుంది. కలిసి తినడం, ముట్టుకోవడం వల్ల రాదు. రోగి తల్లి, తోబుట్టువులు, జీవిత భాగస్వామి, తల్లి రోగి అయితే పిల్లలు యాంటీబాడీ పరీక్ష చేయించుకోవచ్చు. పాజిటివ్ వచ్చినవాళ్ళు రక్తదానం చేయకూడదు. మన బ్లడ్ బ్యాంకుల్లో తప్పనిసరి పరీక్షల జాబితాలో హెచ్‌టీఎల్‌వీ లేదు, కాబట్టి ఆ బాధ్యత వాళ్ళదే. దీర్ఘకాలం తల్లిపాలు తాగిన పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి వైరస్ వస్తుంది, డబ్బాపాలతో అది నూటికి 3 దగ్గరికి దిగుతుంది. అయితే శుభ్రమైన నీళ్ళు లేని చోట డబ్బాపాలు వేరే ప్రమాదం తెస్తాయి, ప్రసవానికి ముందే పిల్లల డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మార్పిడికి తోబుట్టువు దాతగా వస్తే హెచ్‌ఎల్‌ఏ (దాతకూ రోగికీ కణజాల పొంతన) సరిపోయిందన్న సంతోషంలో ఈ పరీక్ష మరిచిపోకండి. ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు కాబట్టి దాతలోనూ వైరస్ ఉండే వీలుంది; ఉంటే, వేరే సరిపోయే దాత ఉన్నారా అన్న ప్రశ్న అప్పుడే, ఆ గదిలోనే అడగాలి.